పట్టెడ

పోలండ్ ఈశాన్యపు మూల, సువావ్కి దాటాక
లిథువేనియా సరిహద్దుకి పోయే దారిలో
గడ్డికప్పు కనిపిస్తే అది మా హోటలే.
గడ్డి కింద రేకు ఉంది, ఎవరికీ చెప్పకండి.
దూలాలు మూడు ఊళ్ల గుర్రపుశాలలవి.
కూల్చినవాళ్లే లారీలో తెచ్చి అమ్మారు.
గుమ్మం పక్కన బాతు సిమెంటుది.
సాలెగూడు మాత్రం అసలుదే.

పులుపు కూడా అసలుదే.
రై పిండి నీళ్లలో కలిపి, వెల్లుల్లి చిదిమి వేసి
పొయ్యి వెనకాల అయిదు రోజులు ఊరనిస్తాను.
మూత తీస్తే ముందు ముక్కు మేలుకుంటుంది, తర్వాత మనిషి.
ఆ తరవాణి మరిగించి
పొగబెట్టిన సాసేజి, సగానికి కోసిన గుడ్డు,
అరచేతిలో నలిపిన మరువం.
టూరిస్టులు ఫోటో తీసుకుని, చల్లారాక తాగుతారు.

పోయిన నవంబరులో ఒక మంగళవారం,
మంచు కురవాలా వద్దా అని ఆకాశం తేల్చుకోలేని మధ్యాహ్నం,
ఒక ముసలాయన వచ్చాడు.
కోటు విప్పలేదు. మెనూ తెరవలేదు.
"సూప్. కార్తాచె రెండు. రొట్టె, పందికొవ్వు."
ఫోన్ మోగితే
"హిపోలిత్‌ని. తింటున్నాను" అని పెట్టేశాడు.
అప్పటికి ఇంకా ఏమీ రాలేదు బల్ల మీదికి.
గోడ వంక చూస్తున్నాడు.

అక్కడ గుర్రం పట్టెడ ఉంది.
తోలు పగిలి గడ్డి తొంగిచూసిన చోటల్లా
ఎండుపూలు గుచ్చాను, నడుమ అద్దం బిగించాను.
సంతలో నలభై జ్లోతీలు.
పెళ్లి విందులకి వచ్చిన ఆడపిల్లలు
అందులో చూసి లిప్‌స్టిక్ సరిచేసుకుంటారు.

"తలకిందులుగా వేలాడదీశారు" అన్నాడు.

నాకు చురుక్కుమంది.
ఉప్పెక్కువైందంటే పడతాను,
గోడకి వంకలు పెడితే పడను.
"మేకు అలాగే కుదిరింది మరి."

కార్తాచెని చెంచా అంచుతో చీల్చాడు.
బంగాళదుంప పిండి లోంచి మాంసం ఆవిరి లేచి
ఆయన కళ్లద్దాలు మూసేసింది.
తుడుచుకోకుండానే చెప్పాడు:
గుర్రం తల కళ్ల దగ్గర వెడల్పు.
పట్టెడకి వెడల్పు కింద.
అందుకని తొడిగేటప్పుడు తలకిందులుగానే తొడగాలి.
కళ్లు దాటించి, చెవులు దాటించి,
మెడ సన్నమయ్యే చోట, ఇలా
రెండు చేతులూ గాలిలో పట్టి మెల్లగా తిప్పాడు.
చెంచా చేతిలోనే ఉంది.
కొవ్వుచుక్క ఒకటి నా ఇస్త్రీ గుడ్డ మీద పడింది.
"అప్పుడది తల వంచుతుంది. చెప్పక్కర్లేదు."

గోడ వైపు గడ్డం ఎత్తాడు.
"ఎవరో తొడిగారు దాన్ని. తిప్పలేదు."

అంతే, ఇంకేం మాట్లాడలేదు.
రొట్టెతో గిన్నె అడుగు తుడిచాడు.
పులుపు చాలిందా అంటే
"మా ఇంట్లో ఇంకా పులుపు" అన్నాడు.
అందరూ అదే అంటారు.
పదిహేడేళ్లుగా వడ్డిస్తున్నాను,
మా ఇంట్లో ఇంతకంటే చప్పన అన్నవాడు ఒక్కడూ రాలేదు.

టీ ఉత్తదే తాగాడు.
సాసర్లో రెండు చక్కెర బిళ్లలుంటే
ఒకటి జేబులో వేసుకోవడం చూశాను.
గుర్రం లేదని ఆయనకి తెలుసు.
చేతికే ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

రాత్రి కుర్చీలన్నీ బల్లలెక్కాక
స్టూలు వేసుకుని పట్టెడ దించాను.
ఇంత బరువని కొన్నరోజు గుర్తులేదు.
లోపలి తోలు ఒక పక్కే నునుపుగా అరిగి ఉంది,
కాస్త ఎడమకి లాగే గుర్రం కాబోలు.
తిప్పుతుంటే పూలు సగం రాలిపోయాయి.
చీపురు తెచ్చాను. కొత్త మేకు కొట్టాను.

హిపోలిత్ మళ్లీ రాలేదు.
పెళ్లివాళ్లు వస్తూనే ఉన్నారు.
అద్దం మునుపటికంటే జానెడు కిందికి దిగింది,
చూసుకోవాలంటే
ప్రతి ఒక్కరూ కాస్త తల వంచాలి.