ఇస్త్రీపెట్టె నీడ

వల్పరాయిసోలో కొండ మీంచి రేవుకి
నూటఅరవై ఒక్క మెట్లు దిగాక తెలిసింది,
చూద్దామని వచ్చింది అక్కడ లేదని.

నాలుగు బోల్టులు మాత్రం ఉన్నాయి,
ఒక్కోటీ నా పిడికిలంత.
చుట్టూ తుప్పు, టీ మరకలా.
తెల్లవారి పొగమంచు ఒక గుంటలో నీళ్ళై నిలిచింది.
పిచ్చుక అందులో ముక్కు ముంచి
తల విదిలించుకుని పోయింది.

పురపాలకులు పెట్టిన పేరు ‘క్షితిజం, మూడు’.
ఊరు పెట్టుకున్న పేరు ఇస్త్రీపెట్టె.
పన్నెండు టన్నుల ఉక్కు, మొన ఆకాశానికి.
సముద్రం మడతలు సాపు చేసి ఎవరో
పక్కన నిలబెట్టి మరిచిపోయినట్టు ఉండేదట.
ఉప్పుగాలి తినేసింది.
ఆగస్టులో క్రేను వచ్చి, నడుముకి పట్టీ కట్టి,
పళ్ళు పీకించుకోవడానికి ముసలాయన్ని నడిపించినట్టు
మెల్లగా తీసుకెళ్ళిందట మరమ్మతుకి.

మళ్ళీ ఎప్పుడు తెస్తారు?
ఎంపనాడాలమ్మే దోన్యా ఒర్తెన్సియా భుజాలు ఎగరేసింది:
“వచ్చే నెల అన్నారు.
ఏ సంవత్సరంలో వచ్చే నెలో చెప్పలేదు.”

ఆమె చేతి ఎంపనాడా అచ్చం కజ్జికాయే,
లోపల కొబ్బరి బదులు మరిగే చీజు.
కాలిన నాలుకతో చూస్తూ కూర్చున్నాను.
పన్నెండున్నరకి బండి కాస్త జరిపింది.
ఒంటిగంటకి ఇంకాస్త.
రెండింటికి, చక్రం కింద రాయి తీసి, మళ్ళీ ఒక బారెడు.
నీడలు దక్షిణానికి పడే దేశం,
నా లెక్కే తప్పిందేమో అనుకున్నాను.
ఎండ మాత్రం ఆమె నెత్తి మీదే ఉంది.
కుంటి కుక్క కూడా లేచి బండి వెంటే కదిలి
లేని చల్లదనానికి పొట్ట ఆనించి పడుకుంది.

“నీడ లేదు కదా” అన్నాను,
నాకొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో.
“ఇరవై రెండేళ్ళ అలవాటు.
చోటు వదిలితే ఆ టోపీలవాడొచ్చి కూర్చుంటాడు.”
అంతే. వేదాంతం ఏమీ చెప్పలేదు.
చిల్లర ఇచ్చింది, ఒక నాణెం తక్కువగా.

పొద్దు వాలుతుంటే ఒక అమ్మాయి ఫోనులో
“ఇస్త్రీపెట్టె కిందే ఉన్నా, నువ్వెక్కడ?” అంది,
వట్టి ఆకాశం కింద నిలబడి.
అతను ఎవరినీ అడక్కుండా
తిన్నగా ఆమె దగ్గరికే వచ్చాడు.

వచ్చినందుకు ఒక ఫొటో అయినా ఉండాలని
నేను బోల్టుల మధ్యకి వెళ్ళాను.
బంతి చంకన పెట్టుకున్న కుర్రాడు
జరగమని చెయ్యి ఊపాడు.
“అడ్డమా?”
“అడ్డం కాదు. మీరు దాని లోపల ఉన్నారు.”

జరిగాను.
బంతికి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు,
ఈ బోల్టు నుంచి ఆ బోల్టు మీదుగా
సూటిగా దూసుకుపోయింది.
కుర్రాళ్ళంతా ఒక్కసారే
ఫౌల్ అని అరిచారు.