అందించని మాట

విమానాల ఫ్యాక్టరీలో సెకండ్ షిఫ్ట్ దిగి
స్వెట్టర్లకి అంటిన నూనె వాసనతోనే
విమానపుర సంఘం మేడ మీదికి ఎక్కేవాళ్లం.
పదకొండు మంది నటులు, ఒక హార్మోనియం,
ఓ మూల ట్యూబ్‌లైటు కింద పుస్తకం పట్టుకుని నేను.
ప్రాంప్టర్ని.
అందరి మాటలూ నోటికొచ్చినవాణ్ణి,
ఒక్క మాటా నాది కానివాణ్ణి.

నాటకం పాతది. అట్ట ఎప్పుడో ఊడింది.
రాజు ఏరు దాటే రాత్రి
రేవులో దీపం పెట్టడం సేనాపతి వంతు.
ప్రమిద ఉంది, ఒత్తి ఉంది, నిప్పూ ఉంది.
పెట్టడు.
అంతే. కత్తి లేదు, విషం లేదు.
పడవే వెళ్లి బండని వెతుక్కుంటుంది.

గోవర్ధనం మాస్టారు చుట్ట నలిపి చెప్పేవాడు:
"వాడు దుర్మార్గుడు కాదురా.
దుర్మార్గుడైతే చివర్లో మనకి గొంతు ఎందుకు పట్టేస్తుంది?
చెయ్యకపోవడం కూడా చెయ్యడమేనని తెలియనివాడు."
నేను ఒప్పుకోలేదు. తెలుసు వాడికి.
తెలియకపోతే, గాలి లేని రాత్రి,
వెలిగించని ప్రమిదకి
అరచెయ్యి ఎందుకు అడ్డం పెట్టాడు?
ఆ ముక్క బ్రాకెట్లో ఉంది, సన్న అక్షరాల్లో.
నటులు బ్రాకెట్లు చదవరు.

భార్య వేషం అమృతవల్లిది.
శనివారం కోలారు గనుల వైపు రైల్లో వచ్చేది,
డబ్బాలో చిత్రాన్నంతో.
"ఈవిడే వాణ్ణి ఎగదోసిందంటారు.
నాలుగుసార్లు చదివాను. ఒక్కచోటా 'పెట్టకు' అనలేదు ఈవిడ.
'ఇవాళ చీకటి చిక్కగా ఉంది' అంటుంది,"
అని డబ్బా మూత బిగించేది.
పట్టాభిషేకం అయ్యాక ఈవిడే
అంతఃపురంలో దీపాలు లెక్కపెడుతూ తిరుగుతుంది.
ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒకటి తక్కువ.

వాచ్‌మన్ మరిగౌడకి తెలుగు సగమే వచ్చు.
గడప మీద కూర్చుని చూసి, దిగేటప్పుడు నన్ను ఆపేవాడు:
"దీప యాకె హచ్చలిల్ల సార్?"
ఎందుకు పెట్టలేదూ అని.
మాస్టార్ని అడగొచ్చు కదా. నన్నే అడిగేవాడు.

డిసెంబరు. కల్యాణమంటపం నిండింది.
సేనాపతి పరాంకుశం, టర్నర్.
లేత్ మిషన్ల మీదుగా అరిచి అరిచి కంచయిన గొంతు.
రెండో అంకం. రేవు. ప్రమిద.
నాలుగు మాటలన్నాడు, ఆగిపోయాడు.
కన్ను పక్కతెర వైపు తిరిగింది.
నా వేలు ఆ పంక్తి కిందే ఉంది.
మాట నాలుక చివరే ఉంది.
ఒకటి.
(ఎవరూ లేని సాయంత్రం ఆ కిరీటం పెట్టి చూసుకున్నాను. అద్దం చిన్నది, సగమే కనిపించింది.)
రెండు.
మూడు.
అప్పుడు అందించాను.

మంటపం చప్పట్లతో ఊగింది.
ఆ మౌనం! ఆ చూపు! అన్నారు కాఫీల దగ్గర.
అతను ఏనాడూ అంత బాగా చెయ్యలేదు మరి.
కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటూ
"ఏమయింది వామనరావూ?" అన్నాడు.
"పేజీ అతుక్కుంది."
తలూపి, తన గ్లాసులో సగం నాకు వంచాడు.
తాగాను.

రెండేళ్లకి పరాంకుశాన్ని కోరాపుట్ బదిలీ చేశారు.
నేను ఏమీ చెయ్యలేదు.
కిరీటం వదులైంది, లోపల న్యూస్‌పేపరు మడిచి పెట్టారు.
గొంతు బాగానే పలికింది అన్నారు,
మాస్టారు మాత్రం ఏమీ అనలేదు.
రేవు సీన్లో అరచెయ్యి అడ్డం పెట్టాను,
మరిగౌడ వెనక వరసలో లేచి నిలబడ్డాడు.
నాకు కనిపించింది అంతే.
మిగతా సేపంతా నా కన్ను పక్కతెర మీదే:
కొత్త కుర్రాడు, నూనూగు మీసం, చేతిలో పుస్తకం,
వాడి పెదాలు కదులుతున్నాయా,
లేదా.