గుర్రాల లెక్క

ఇసకపల్లి ఉప్పుటేటి గట్టున
పదకొండేళ్లు బోర్లా పడుకున్న పడవను
నలుగురం కలిసి వెల్లకిలా తిప్పాం.
కింద పీతలు కాపరముండాయి.
నాయన రబ్బరు చెప్పు, ఎడమకాలిది, ఒకటి.

సుందరం మేస్త్రీ పలకల్ని వేలి కణుపులతో కొట్టి చెవి ఆనించాడు:
"ఇది బతికుండాది. ఇది సచ్చింది. ఇది అబద్ధమాడతా ఉండాది."
అబద్ధాలు ఏడు తేలాయి. ఊడబెరికి కొత్తవి వేసి,
సందుల్లో పత్తి కుక్కి, గుగ్గిలం కాచి పోసి,
సొర నూనె పట్టించాం.
మూడు రోజులు ఊళ్లో కుక్కలన్నీ నా వెంటే.

ఇంక ఇంజను.
తమ్ముడు పోలయ్యకు ఇరవై గుర్రాలు కావాలి,
పడవ కడుపులో కూర్చునే డీజిలుది.
మా వంశంలో గాడిదనెక్కినోళ్లు కూడా లేరు.
మస్తానమ్మత్త గంప దించి అడిగింది:
"గంటకెంత తాగుద్ది? కవళ్లలో చెప్పు, లీటర్లు నాకు తెలవవు."
చెప్పాను.
గంప మళ్లీ నెత్తికెత్తుకుంది.
ఆటు వేళ ఏటిమొగలో నీళ్లు మోకాటికి రావు;
అక్కడ తోక ఇంజనైతే తోకెత్తుకుని దాటుద్ది, గొడ్డులాగా.
పది గుర్రాలు చాలు.

వెనక చెక్క మీద పాత బెజ్జాలు నడిమికి లేవు,
జానెడు కుడికి జరిగుండాయి.
"పడవ పక్కకు లాగుద్ది," అన్నాడు మెకానిక్కు ఖాజా, "ఎవురు బిగించారో."

ఆ మిగిలిన జాగాలో, నాయన మోకాలికి ఆనుకుని,
ఆరేళ్ల నేను కూర్చునేదాన్ని.
నాకు తెలిసిన పడవ తిన్నగానే పోయేది.
రాత్రుళ్లు అమ్మ మాత్రం
ఉప్పు మూట వేడిచేసి
ఆయన కుడి భుజానికి కాపడం పెట్టేది.

బోల్టు చేతిలో పట్టుకుని కాసేపు కూర్చున్నా.
"నడిమికే వెయ్యి ఖాజా," అన్నాను.