శేషం

చీమకుర్తి కాటా గదిలో
కిటికీ మూసినా దుమ్ము లోపలే.
రోజూ కీబోర్డు మీద ఊది పని మొదలుపెడతాను.

తొమ్మిదేళ్ల కిందట ఖాజావలి రాసిన ప్రోగ్రాము,
పైతాన్ రెండు పాయింట్ ఏడులో.
లారీ ఎక్కగానే బరువు చదువుతుంది,
రాయి నంబరు అడుగుతుంది,
సాయంత్రానికి ముఠా కూలి పంచి చీటీ కొడుతుంది.
ఒక్కనాడు ఎదురు చెప్పలా.

ఈ జూన్‌లో బిల్లుల పద్ధతి మారింది.
దానికి మూడు పాయింట్ పదకొండు కావాలంట.
"మనకి మూడు పాయింట్ తొమ్మిది ఇస్తామన్నారే,
అది పెద్దది గదా" అన్నాడు ఓనరు బామ్మర్ది.
ఈ చుక్క ఆ చుక్క కాదండీ,
దీని తర్వాత తొమ్మిది కన్నా పదకొండే పెద్దది అన్నాను.
అర్థమైనట్టు తలూపి వక్కపొడి వేసుకున్నాడు.

పాతది పీకి కొత్తది ఎక్కించాను.
పొద్దున్నే మొదటి లారీకి కాటా మూగబోయింది.
ప్రింటు అన్న మాట పక్కన బ్రాకెట్లు లేవని
మొదటి వరుసలోనే అలిగి కూచుంది.
బయట పదకొండు లారీలు,
ఒకటే హారన్లు.

ఖాజావలి ఇప్పుడు మార్కాపురంలో
వాళ్ల నాన్న పలకల షెడ్డు చూసుకుంటున్నాడు.
ఫోన్లో అతని మాట కన్నా ముందు రంపం వినపడింది.
"పాతది మళ్లీ పెట్టు హైమా.
ఒకదాని నెత్తిన ఒకటి రుద్దబాక.
ఒకే పలక ఇద్దరు పిల్లలకిస్తే
ఒకడు రాసింది ఇంకోడు తుడిచేస్తాడు.
ఎవరి పలక వాళ్లకియ్యి."

ఇచ్చాను.
రెండు ఫోల్డర్లు. ఒక్కోదాన్లో చిన్న ఫైలు,
ఆ ఫైల్లో ఒక్క నంబరు,
యార్డులో రాళ్ల మీద ఎర్ర రంగుతో వేస్తారే, అట్లా.
ఏ ఫోల్డర్లో అడుగుపెడితే ఆ పైతాన్ పలుకుతుంది.
కాటాకి మాటొచ్చింది.

ఆ రాత్రి, ఊరికే, సరిచూద్దామని
కూలి లెక్క రెండింటికీ ఇచ్చాను.
ఏడు వేలు, తొమ్మిది మంది.

పాతది ఏడొందల డెబ్భై ఏడు అని ఊరుకుంది.
కొత్తది అదే చెప్పి, చుక్క పెట్టి,
ఏడు పక్కన ఏడు, ఏడు పక్కన ఏడు,
పోయి పోయి చిట్టచివర ఒక ఎనిమిది.

నల్లటి తెర మీద ఆ తెల్లటి చుక్క
ఈ ఊరి రాయిని సానబెడితే తేలే మెరుపంత ఉంది.
కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను.

పాతదాన్ని దొంగ అనలేను.
నిండు అంకెను నిండు అంకెతో భాగిస్తే
మిగిలింది వదిలేయమని
దానికెవరో ఎప్పుడో నేర్పారు.
రోజుకి మూడో, ఏడో, ఎనిమిదో రూపాయలు
తొమ్మిదేళ్లు
ఏ చీటీలోకీ ఎక్కకుండా గల్లాపెట్టెలోనే ఉండిపొయ్యాయి.

శనివారం మాలకొండయ్య మేస్త్రికి చెప్పాను.
నీళ్ల డ్రమ్ముకి చేరగిలబడి
బీడీ ఆరిపోయిందాకా ఏమీ అనలేదు.
"మా లెక్కలో పైసలెప్పుడూ ఉన్నయ్యమ్మా,
మీ కంప్యూటరుకే ఇప్పుడు తెలిసింది."
డ్రమ్ము వెనక సుద్దగీతలు చూపించాడు.
సగం వానకి కొట్టుకుపోయాయి.

ఓనరు అన్నాడు,
"బిల్లులకి కొత్తది పెట్టు. కూలికి పాతదే ఉండనీ.
నడుస్తా ఉంది గదా."

నడుస్తానే ఉంది.
రెండూ పక్కపక్కనే ఉంచడం నాకిప్పుడు వచ్చు.
ఏది ఎక్కడ పలకాలో చెప్పే ఫైలు
ఇంకెవరూ తెరవరు.

సాయంత్రం ఆరు.
రామతీర్థం వైపు ఆఖరి పేలుడుకి అద్దం అదిరింది.
తొమ్మిది మంది బయట నిలబడి
కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నారు.
కూలి ఫోల్డరు తెరిచి
రెండు, చుక్క, ఏడు
మూడూ చెరిపాను.
కాసేపు ఆ ఫైలు ఉత్త పలక.

బ్రాకెట్లు నిన్న రాత్రే పెట్టేశాను.

చుక్కలతోనే అక్షరాలు కొట్టే పాత ప్రింటరు
ఇంకో చుక్క కొట్టడానికి
ఏమీ ఆలోచించలేదు.