పన్నెండో గడి

దసరా సెలవుల్లో, మార్కాపురం పెద్దబడి గోడ మీద
సుద్ద దారం కొట్టి పన్నెండు గళ్లు గీశాను.
హెడ్ మేడం ఇచ్చిన కాగితంలో పదకొండు సూక్తులే ఉన్నాయి.
"పన్నెండోది నువ్వే చూడు మౌలాలీ,
విజ్ఞానం మీద ఉండాలి,
కింద పేరుండాలి."

నేను చదివింది ఏడు దాకా.
అయినా ఈ ఊళ్లో 'విజ్ఞానం' అన్న మాట
నాకంటే ఎక్కువసార్లు ఎవరూ రాసుండరు.
'జ్ఞ' కాడ కుంచె మూడుసార్లు లేపాలి,
మూడోసారి ఊపిరి బిగబట్టాలి.
'తెలివి' అంత కష్టం కాదు.

మధ్యాన్నం సద్ది విప్పుకుంటే
మేనత్త ఖాసింబీ గుర్తొచ్చింది.
పలకల గనిలో ముప్పయ్యేళ్లు.
రాతికి చెవి ఆనించి ఉలితో తట్టేది,
డాక్టరు వీపు మీద తట్టినట్టు.
"నువ్వనుకున్న కాడ కొడితే ముక్కలయిద్ది రా,
అది విడిపోదామనుకున్న కాడ కొట్టు,
పలకయిద్ది."
ఆమె చీల్చిన రాళ్ల మీద
ఎన్ని ఊళ్ల పిల్లకాయలు అ ఆలు దిద్దారో.
కూలి పుస్తకంలో ఆమెది వేలిముద్రే.

అదే రాశాను.

సాయంత్రం మేడం రెండుసార్లు చదివింది.
"బాగుంది. ఎవరన్నారు?"
"మా అత్త."
"ఆమె ఏం కనిపెట్టింది?"
"రాయిలో సందు" అన్నాను.
మేడం నవ్వలేదు. కోప్పడలేదు కూడా.
"తనిఖీ ఉంది మౌలాలీ" అంది
చెప్పులోంచి గులకరాయి దులుపుకుంటా.

కిరసనాయిలు గుడ్డకి
అత్త మాట నీలంగా అంటుకుంది.
ఆ గడికి నల్లబల్ల రంగు పూసి
మేకుకి సుద్దముక్క కట్టి వదిలేశా.

బడి తెరిచిన వారానికి
బాకీ డబ్బులకీ, నిచ్చెనకీ పోయా.
పదకొండు గళ్లూ నిగనిగలాడతన్నాయి
ఎర్ర రంగు పేర్లతో సహా,
ఎవరూ చూడట్లా.
పన్నెండో గడి కాడే గుంపు.

వంకర అక్షరాలు:
"మా బోరు నీళ్లు తాగితే
పళ్లు పచ్చంగా ఎందుకయితాయి?"
కింద ఇంకో చేతిరాత:
"మా తాతకి మోకాళ్లు కూడా."
పేర్లు లేవు.

సైన్సు సారు సుద్ద పట్టుకుని నిలబడున్నాడు,
జవాబు మొదలుపెట్టి,
ఒక మాట కొట్టేసి,
మళ్లీ మొదలుపెట్టి.

"గోడ రాసిన మామ!" అని
ఒక పిల్ల నన్ను చూసి నవ్వింది.
నేనూ నవ్వబోయి
పెదాలు మూసుకుని
నిచ్చెన భుజానికెత్తుకున్నా.