బెండకాయ గుర్తు

పలక గుర్తు అడిగాడు కాశింపీరా.
జాబితాలో లేదన్నారు.
బెండకాయ ఇచ్చారు.
"పోనీలే, మెదడుకి మంచిదంట" అన్నాడు
మార్కాపురం ఆఫీసు మెట్లు దిగుతూ,
మెట్టుకొక దగ్గు.

పదిమంది ప్రతిపాదకుల్లో నేను ఏడోవాణ్ణి.
నాది ఫ్లెక్సీల కొట్టు.
రెండు పార్టీల ముఖాలూ నా మిషన్లోంచే బయటికొస్తాయి.
ఎవరిని ఎంత తెల్లగా చేయాలో
వాళ్ళ ఇంట్లోవాళ్ళ కంటే నాకే బాగా తెలుసు.
కాశింపీరాకి మాత్రం ఒక్కటీ కొట్టలేదు.
"అచ్చయిన మాట చెరపలేం అబ్బయా,
చెరపలేని మాటని ఎవుడు నమ్ముతాడు?" అని
మేనిఫెస్టో పలకల మీద రాశాడు.
మూతబడ్డ ఫ్యాక్టరీలో మిగిలిన పలకలు,
చెక్క చట్రం లేనివి, అంచు తగిలితే వేలు తెగేవి.
ఇంటికొకటి ఇచ్చి, పక్కన దొండాకు పెట్టి
నచ్చకపోతే తుడిచెయ్యమన్నాడు.

మా ఇంటి పలక మీద:
మైకు ముందు బోరు నీళ్ళ చెంబు.
ఏ ఊళ్ళో మాట్లాడితే ఆ ఊరి బోరుది.
తాగినంతసేపే మాట్లాడాల.

తమ్ముడి ఇంట్లో:
శంకుస్థాపన రాళ్ళన్నీ పీకి
బస్టాండులో కూర్చునే బల్లలు చేస్తాం.
పేర్లు చెక్కినవైపే పైకుంటుంది.

ఖాదర్ టీకొట్లో:
నెలకో ఆదివారం బాకీ అడగరాదు.
దాన్ని ఎవరూ తుడవలేదు,
వడ్డీలకి తిప్పే సుబ్బరత్నమ్మ తప్ప.
తెల్లారేసరికి అదే చోట
వేరే ఎవరిదో చేతిరాత.

కంభం రోడ్డు మీద, క్వారీ దిగిన జనం ముందు
నోటితోనే చెప్పాడు:
"రాయి తవ్వితే గవర్నమెంటుకి రాయల్టీ కడతారు గదా
టన్నుకింత అని.
మా ఊపిరితిత్తుల్లోకి పోయిన రాయి మాటేంది?
దాన్ని గూడా తూకమెయ్యాల.
మోసినోడికియ్యాల."

ఒకడు ఈలేశాడు.
ఒకడు "కాటా యాడ పెడతావు సాయిబూ" అన్నాడు.
నవ్వులే నవ్వులు.
నవ్వుతూ నవ్వుతూ ఎవరో దగ్గారు,
పక్కవాడూ దగ్గాడు,
ఆ తర్వాత చాలాసేపు
దగ్గులు తప్ప ఏమీ వినపడలేదు.

రెండొందల పదిహేడు ఓట్లు.
నోటాకి ఇంకా ఎక్కువొచ్చాయి.
ఆ రెండొందల పదిహేడులో నాది లేదు.
వేలు బెండకాయ దాకా పోయింది, నిజం.
పక్క బటన్ వాళ్ళ దగ్గర
నాకు లక్షా పదివేల ఫ్లెక్సీల బాకీ.

మర్నాడు గోనెసంచి భుజానేసుకుని
ఇల్లిల్లూ తిరిగి పలకలు వెనక్కి తీసుకున్నాడు.
"ఐదేళ్ళకి పనికొస్తయ్" అన్నాడు.
నా కళ్ళలోకి చూళ్ళేదు,
లేకపోతే నేనే చూళ్ళేదేమో.

మొన్న సాయంత్రం కొట్టుకొచ్చాడు.
సంచిలోంచి ఒంగోలు ఆస్పత్రి కవరు.
అందులోది తీసి ట్యూబులైటుకి ఎదురుగా పట్టాడు.
నల్లటి పలక.
రెండువైపులా తెల్లటి చుక్కలు, కొట్టివేతలు,
ఒకటో తరగతి పిల్లాడు బలపం అరగదీసినట్టు.

"దీన్ని ఫ్లెక్సీ కొడతావా?
పది బై పదిహేను. తర్లుపాడు రోడ్డులో కట్టాల."

అలవాటు కొద్దీ అడుగు రేటు చెప్పబోయాను.
అతను అప్పటికే గడప దగ్గరున్నాడు,
ద్వారబంధం పట్టుకుని, గాలి కూడదీసుకుంటూ.

"నువ్వేం తెల్లగా చెయ్యబాక అబ్బయా.
ఉన్న తెలుపు చాలు."