ఇరవయ్యారో నంబరు పన్ను

బరంపురంలో మా కాలేజీ రెండో అంతస్తు.
ఇనుప మెడల మీద వరసగా ముప్పై తలలు.
రబ్బరు బుగ్గలు. కళ్ళు లేవు.
నోరు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది,
ఎవరూ చెప్పనక్కర్లేదు.
మొదటి రోజే వాటికి పేర్లు పెట్టుకున్నాం.
నాదానికి సుభాషిణి గారని పెట్టాను,
ఒక్క మాటా ఆడదు కనక.

పాఢి మేడమ్ ఒడియాలో తిడుతుంది,
ఇంగ్లీషులో మార్కులు వేస్తుంది.
నా చేతులు తెలుగులో వణుకుతాయి.

అసలు పళ్ళు మేమే తెచ్చుకోవాలి.
పర్లాకిమిడి క్లినిక్కులో కాంపౌండరు దండాసి
హార్లిక్స్ సీసాడు ఇచ్చాడు,
ఫార్మలిన్‌లో నానుతున్న నలభై రెండు.
బస్సులో ఒళ్ళో పెట్టుకుని వస్తుంటే
పక్కసీటావిడ అడిగింది:
"ఏటమ్మా, ఉసిరికాయలా?"
అవునన్నాను.

అందులోంచి ఏరుకున్నది ఈ పన్ను.
పైదవడ, ఎడమవైపు, ఇరవయ్యారో నంబరు.
ప్లాస్టరు దిమ్మలో వేళ్ళదాకా పాతాను.
బుగ్గవైపు తెలుపే.
లోపలివైపు మసి,
గీకినా పోని మాడు రంగు.
గుడాఖు, అంది మేడమ్.
కాదు. అదైతే ముందుపళ్ళ దగ్గరే ఆగేది.
మా దేవాంగి వీధి అరుగుల మీద చూశాను నేను,
చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని
పెదాలు మూసి
బెండకాయలు తరిగే ఆడవాళ్ళని.
అడ్డపొగ.
నిప్పుని మింగకుండా ఉమ్మకుండా
గంటసేపు దాచే విద్య.
ఈ పన్ను పక్కనే కాలింది అది, ఎన్నేళ్ళో.

ఎయిరోటరు కూసింది. నీళ్ళ తుంపర.
గుజ్జు ఉండాల్సిన గదిలో ఎండిన ఖాళీ.
మూడు దారులు దొరికాయి.
"ఇంకోటి ఉంది, వెతుకు,"
అనేసి మేడమ్ పక్క బల్లకి వెళ్ళిపోయింది.

అద్దంలో ఏమీ లేదు.
ఎక్స్‌రేలో నీడ మీద నీడ.
తెగిన పోగు కంటికి దొరకదు, వేలికి దొరుకుతుంది
అంటాడు మా నాన్న, మగ్గం గుంటలోంచి తల ఎత్తకుండా.
అన్నిటికన్నా సన్నది, ఊదారంగు ఫైలు,
రెండు వేళ్ళ మధ్య
కాస్త ఇటు, కాస్త అటు,
లంచ్ బెల్లు కొట్టింది, అందరూ లేచారు,
కాస్త ఇటు,
ఒకచోట పట్టుకుంది.
లాగితే వదల్లేదు,
పసిపిల్ల గుప్పిట్లో కొంగులా.
పన్నుకీ వేళ్ళే, నాకూ వేళ్ళే,
రెంటికీ మన భాష ఒకే మాట ఎందుకు పెట్టిందో
ఆ మధ్యాహ్నం తెలిసినట్టనిపించింది.

ఇక్కడేనా ఆమెకి?
సలుపా, పోటా, చల్లనీళ్ళకి జివ్వుమనడమా,
తెల్లారేదాకా గుంజడమా?
రికార్డు పుస్తకంలో ఒకటే గడి. నొప్పి: ఉంది, లేదు.
సుభాషిణి గారు నోరు తెరుచుకునే ఉంది.

గట్టాపెర్చా నింపాను, వారమంతా చేతులు లవంగం వాసన.
చుట్టూ చెక్కాను, ఆరు డిగ్రీల వాలు.
తర్వాత మైనం, పోత, పాలిష్.
పుస్తకంలో దాని పేరు కిరీటం.
మా వీధిలో టోపీ.
టోపీ పెట్టడమంటే మనకి ఇంకో అర్థం ఉంది కదా,
నోరే లేని పన్నుకి
ఏది పెట్టానో ఇప్పటికీ తేలలేదు.
పదికి ఏడున్నర.
"అంచు దగ్గర వెంట్రుకంత సందు."

ఏడాది చివర అటెండరు బెహరా
దిమ్మలన్నీ తట్టకెత్తుకుని పోయాడు.
నాది అడుగుదామనుకున్నాను.
అడగలేదు.

మూడో ఏడు. నా మొదటి పేషెంటు.
చికిటి నుంచి గున్నమ్మ, అరవై దాటుంటాయి.
నోరు తెరవగానే చుట్ట వాసన.
నేర్పిన మాటే చెప్పాను:
"నొప్పెడితే చెయ్యెత్తు మామ్మా."
అద్దం ఇంకా నా చేతిలోనే ఉంది.
ఆమె చెయ్యెత్తింది.